చివరి జాగా కారవాన్

రాస్ అల్ ఖైమాలో కొండల కింద, పాడుబడ్డ రాతి ఇళ్ళకి ఎదురుగా, చలికాలంలో జనం వచ్చి గుడారాలు వేసుకునే మైదానం ఒకటుంది. అందులో చివరి జాగా మంచిది కాదని అక్కడ పనిచేసే వాళ్ళంతా చెబుతారు. అద్దె కారవాన్‌ని, అంటే చక్రాల మీది చిన్న ఇంటిని, తెచ్చి అక్కడ నిలబెడితే చాలు — చీకటి పడ్డాక దాని తలుపు దానంతటదే తెరుచుకుంటుందట. వేసిన తలుపు... మెల్లగా... ఎవరో లోపలికి తొంగిచూస్తున్నట్టు.

అంతటితో ఆగితే బాగానే ఉండును. బల్ల మీది నారింజపండు కిందపడి, దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్తుందట. మంచం మధ్యలో పడుకున్న మనిషి తెల్లారేసరికి తలుపు వైపుకి జారిపోయి ఉంటాడట. షార్జా నుంచి వచ్చిన ఒకాయన పెళ్ళాంపిల్లల్ని కారెక్కించుకుని, విడిచిన చెప్పులు కూడా వెతుక్కోకుండా వెళ్ళిపోయాడట.

ఆ పాడు ఇళ్ళలోంచి ఒకావిడ వస్తుందని, లోపలివాళ్ళని బయటికి లాగుతుందని కాపలాదారు జిలానీ బాషా చెబుతాడు. అతనిది రాయచోటి. నువ్వు చూశావా అని అడిగితే మాత్రం... చూసుంటే ఇంకా ఇక్కడే ఉంటానా అంటాడు.

2024 జనవరిలో ఒక గురువారం ఆ జాగాలో రాత్రి కాపలా సిలాస్ నెత్తిన పడింది.

సిలాస్‌ది నరసాపురం వైపు. కారవాన్‌లు అద్దెకిచ్చే కంపెనీలో డ్రైవరు. కారవాన్‌ని పికప్‌కి తగిలించి తీసుకుపోవడం, చెప్పిన చోట నిలబెట్టి మట్టం చేయడం, వచ్చినవాళ్ళకి తాళాలిచ్చి రావడం అతని పని. దెయ్యాల మీద అతనికి నమ్మకం లేదు, పగటిపూట అయితే అసలే లేదు. అద్దెకి తీసుకున్నవాళ్ళు శుక్రవారం వస్తారు, ఈ రాత్రికి నువ్వే అందులో పడుకుని కాపలా ఉండమని ముదీర్ చెప్పాడు. ముదీర్ అంటే కంపెనీ మేనేజరు. ఆ మాట వినగానే సిలాస్ గుండె గబగబా కొట్టుకుంది. భయంతో కాదు.

అతని భార్య కృపారాణి అదే ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు. పెళ్ళయి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో, ఒకే దేశంలో, ఒకే ఊళ్ళో ఉండి కూడా, ఇద్దరూ ఒక కప్పు కింద ఒక్క రాత్రి పడుకున్నది లేదు. ఆమె ఉండేది నర్సుల హాస్టల్లో, మొగుళ్ళకి అక్కడ గేటు దాకానే. అతనుండేది కంపెనీ క్యాంపులో, మంచం మీద మంచం వేసిన గదిలో. ఆమెకి సెలవున్న రోజున ఇతనికి బండి పని ఉంటుంది. సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని టీ తాగి, ఎవరి బస్సు వాళ్ళెక్కడం — ఇదీ వాళ్ళ కాపురం. తలుచుకుంటే సిలాస్‌కి ఏడుపు కన్నా ముందు కోపం వచ్చేది.

అందుకని ఆమెని రమ్మన్నాడు. ముదీర్‌కి తెలిస్తే ఉద్యోగం ఖలాస్. కంపెనీ కారవాన్‌లో ఇంటివాళ్ళని ఉంచకూడదని చేరిన రోజే చెప్పారు. అయినా రమ్మన్నాడు. ఒక్క రాత్రి... ఒక ఇల్లు.

ఆ ఇల్లు నిలబడితే కదా!

మధ్యాహ్నం మొదలైంది గొడవ. నేల తలుపు వైపుకి పల్లంగా ఉంది. పల్లం వైపు చక్రం కింద దిమ్మెలు పెట్టి ఎత్తు చేయాలి. ఒకదాంట్లో ఒకటి ఇమిడే పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మెలు కంపెనీవే ఉన్నాయి గానీ, సగం ఎవడో వేరే కారవాన్‌కి ఎత్తుకుపోయాడు. సిలాస్ ఆ ఎవడోని నాలుగు తిట్టి, గుడారాలవాళ్ళు వదిలేసిన బోలు సిమెంటు ఇటుక తెచ్చి పెట్టాడు. చక్రం ఎక్కిందో లేదో టప్పుమని పగిలింది. పాత చెక్క పెట్టాడు. నిలువునా చీలింది. మిగిలిన ప్లాస్టిక్ దిమ్మెల్నే నేల మీద పేర్చాడు. అవి గులకరాళ్ళ మధ్య ఇసుకలోకి మెల్లగా... తాపీగా... దిగబడ్డాయి.

ఆఖరికి అడుగున ఆ చీలిన చెక్కే పరిచి, దాని మీద దిమ్మెలు పెట్టి, పికప్‌తో వెనక్కి తోశాడు. చక్రం ఎక్కింది, ఆగకుండా అవతలికి దిగిపోయింది. ధబ్బుమని లోపల గిన్నెలన్నీ కిందపడ్డాయి. వెనక నిలబడి చాలు ఆపు అని చెప్పే మనిషి లేడు. తోయడం, ఆపడం, దిగి చూడడం, మళ్ళీ ఎక్కడం. చేతులు చెక్కుకుపోయాయి. నడుము విరిగిపోయింది. వచ్చి సాయం పట్టమంటే బాషా ఆ జాగాలో అడుగుపెట్టలేదు. దూరంగా నిలబడే అన్నాడు.

“సిలాసన్నా, ఆడ ఏం పెట్టినా నిలబడదు. ఆయమ్మ నిలబడనీదు. పొద్దుగూకకముందే వచ్చేయ్.”

అని తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

సూర్యుడు కొండ వెనక్కి దిగుతుండగా చక్రం దిమ్మెల మీద ఆగింది. కారవాన్ ముందువైపు చిన్న రసమట్టం ఉంది, లోపల నీళ్ళలో గాలిబుడగ ఉంటుంది చూడండి, అది. సీజను మొదట్లో సిలాసే కొనిపించి, ముదీర్ చూస్తుండగా గొప్పగా అంటించాడు. బుడగ సరిగ్గా రెండు గీతల నడుమ నిలబడింది. సిలాస్ చక్రాలకి అడ్డాలు పెట్టి, పికప్ కొక్కెం విప్పి, మూలల కాళ్ళు దించి, ఒళ్ళు దులుపుకున్నాడు.

కృపారాణి టాక్సీలో వచ్చింది. సంచిలో కొత్త స్టీలు గిన్నె, పాలు, పంచదార, నారింజపళ్ళు. డ్యూటీ దిగి సరాసరి వచ్చేసింది. లోపలికొచ్చి గోడలు తడిమి చూసింది, పొయ్యి చూసింది, పరుపు మీద తెల్ల దుప్పటి సరిచేసింది. బాషా చెప్పిన కథ సిలాస్ ఆమెకి చెప్పకుండా ఉంటే సరిపోయేది. నవ్విద్దామని చెప్పాడు.

ఆమె నవ్వలేదు. ఎందుకంటే అప్పుడే — తలుపు తెరుచుకుంది.

గాలి లేదు. చప్పుడు లేదు. మెల్లగా... పూర్తిగా... బయటి చీకటి కనబడేదాకా తెరుచుకుంది.

సిలాస్ లేచి వేశాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ తెరుచుకుంది. ఈసారి బల్ల మీది నారింజపండు కదిలింది. ఒక్క క్షణం అంచున ఆగి... కిందపడి... గుమ్మం వైపు దొర్లుకుంటూ వెళ్ళి, మెట్ల మీంచి చీకట్లోకి పోయింది.

కృపారాణి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏవండీ... నన్ను హాస్టల్‌కి దింపేయండి.”

రెండేళ్ళకి దొరికిన రాత్రి. మధ్యాహ్నమంతా మట్టిలో పొర్లి నిలబెట్టుకున్న ఇల్లు. దెయ్యానికి కూడా ఈ రోజే దొరికిందా అని సిలాస్‌కి ఒళ్ళు మండిపోయింది. తలుపుని తాడుతో బిగించి కట్టాడు. ఒక్క గంట ఉండమని బతిమాలాడు. ఆమె సరే, కొత్త ఇంటికి చేసినట్టే చేద్దాం, ప్రార్థన చేసి పాలు పొంగిస్తాను, అప్పుడు కూడా ఇలాగే ఉంటే వెళ్ళిపోదాం అంది.

ఇద్దరూ మోకరించారు. ఆమె చిన్నగా ప్రార్థన చేసి, కొత్త గిన్నెలో అంచుల దాకా పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. ఇద్దరూ గిన్నె వైపే చూస్తూ నిలబడ్డారు. బయట ఎక్కడో క్యాంపు జనరేటరు మోత. పాలు ముందు కదల్లేదు. తర్వాత అంచున బుడగలు... తర్వాత మీగడ ఉబ్బింది... పైకి లేచింది...

పొంగింది. ఒక్క వైపే.

మిగతా అంచులన్నీ పొడిగా ఉన్నాయి. పాలన్నీ తలుపు వైపుకే కారి, పొయ్యి దిగి, గట్టు దాటి, తాడు కట్టిన గుమ్మం దాకా తెల్లగా పాకాయి.

“చూశారా,” అంది కృపారాణి గుసగుసగా. “ఆవిడ తాగుతోంది.”

సిలాస్‌కీ భయం వేసింది. కానీ మధ్యాహ్నం నుంచి పడ్డ చాకిరీ ఒకటుంది కదా, అది భయాన్ని ఎక్కువసేపు నిలవనివ్వలేదు. పొయ్యి ఆర్పి, గుడ్డతో గిన్నె పట్టుకుని నేల మీద పెట్టి వంగి చూశాడు. తలుపు వైపు పాలు అంచుని తాకుతున్నాయి. ఇవతలి వైపు వేలి మందం కిందకి ఉన్నాయి.

“రాణీ... పాలు వంకరగా ఉంటాయా?”

ఆమె కూడా వంగి చూసింది. ఉండవు అంది.

సిలాస్ తాడు విప్పి, ఫోను లైటు వేసుకుని బయటికి దూకాడు. రసమట్టం దగ్గరికి వెళ్ళాడు. బుడగ రెండు గీతల నడుమ నిక్షేపంగా కూర్చుని ఉంది. కారవాన్ మాత్రం వాలి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి... దాన్ని అంటించింది కంపెనీ యార్డులో. బళ్ళు కడిగిన నీళ్ళు పోవడానికి కాలవ వైపుకి వాలుగా పోసిన గచ్చు మీద. కారవాన్ తలుపు ఆ కాలవ వైపు ఉండగా బుడగ నడుమకి తెచ్చి అంటించేశాడు. గచ్చు మట్టంగా ఉందా లేదా అన్న ఆలోచనే రాలేదు.

అంటే సీజనంతా, ఆ బుడగని నమ్మి, తనే శ్రద్ధగా, చెమటోడ్చి, ఈ కారవాన్‌ని తలుపు వైపుకి వంచి పెట్టి పోతున్నాడు. పాతది కాబట్టి ఎప్పుడూ చివరి జాగాకే తెస్తారు. గడియ అరిగిపోయింది కాబట్టి తలుపు ఆగదు. షార్జా ఆయన్ని చెప్పుల్లేకుండా పరిగెత్తించింది ఏ ఆవిడా కాదు. సిలాస్ నెత్తి పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

విషయం విని కృపారాణి ముందు నమ్మలేదు. తర్వాత నవ్వింది. పాడు ఇళ్ళ గోడలకి తగిలి తిరిగొచ్చేలా నవ్వింది. పెళ్ళి తర్వాత ఆమె అలా నవ్వడం సిలాస్ వినలేదు. తన తెలివితక్కువతనం మీద అయితేనేం, విన్నాడు.

ఇంకా ఎత్తు కావాలి. దిమ్మెలు లేవు. చీలిన చెక్కని రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి అడుగున పెట్టి, ఉన్న దిమ్మెల్ని దాని మీద మళ్ళీ పేర్చారు. కొండ మీంచి చలిగాలి మొదలైంది. కృపారాణి పరుపు మీది తెల్ల దుప్పటి తెచ్చి తల మీంచి కప్పుకుంది. ఎవరైనా చూసి ముదీర్‌కి చెబుతారేమోనని సిలాస్ పికప్‌ని మళ్ళీ తగిలించాక కూడా లైట్లు వేయలేదు. ఆమె కారవాన్ వెనక నిలబడి, ఫోను లైటు గుండెల దగ్గర పట్టుకుని, రెండో చేత్తో సైగ చేసింది. రా... రా... ఇంకా రా... చాలు. చక్రం దిమ్మెల మీద ఆగింది. మధ్యాహ్నం నుంచి కుదరనిది ఒక్కసారికే కుదిరింది. వెనక మనిషి ఉంటే ఎంత తేడా అనిపించింది సిలాస్‌కి.

లోపల గిన్నెలో పాలు చుట్టూ సమంగా నిలిచాయి. తలుపు వేస్తే వేసినట్టే ఉంది. పంచదార వేసుకుని ఆ పాలు ఇద్దరూ తాగారు. ఆ రాత్రి గురించి ఇంతకన్నా చెప్పడం మర్యాద కాదు.

వెలుగు రాకముందే ఆమెని హాస్టల్ దగ్గర దింపి వచ్చి, రసమట్టాన్ని చాకుతో ఊడబెరికి, సరిగ్గా అంటించాడు. ఇక ముదీర్‌కి చెప్పేయాలి. ఆ జాగాలో ఏమీ లేదు, తప్పు నాదే అనేయాలి. సీజనంతా అనవసరంగా జనాన్ని జడిపించానన్న మాట అతన్ని తినేస్తోంది.

అతను వెళ్ళేలోపే ముదీర్ పిలిపించాడు. ఆఫీసులో ముదీర్ మొహం పాలిపోయి ఉంది. కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమనడు.

గురువారం రాత్రి నువ్వు అందులోనే పడుకున్నావా అని అడిగాడు. సిలాస్ పడుకున్నానన్నాడు. ఏమైనా చూశావా, విన్నావా అన్నాడు ముదీర్. లేదన్నాడు.

దూరంగా గుడారం వేసుకున్న కుటుంబం ఆ రాత్రే ఖాళీ చేసి పోయిందట. వాళ్ళు ముందు నవ్వు విన్నారట... ఆడమనిషి నవ్వు, పాడు ఇళ్ళలోంచి. తర్వాత చూశారట. నిలువెత్తు తెల్లటి ఆకారం. గుండెల్లో దీపం వెలుగుతోందట. చెయ్యి చాచి — ముదీర్ చెయ్యి చాచి చూపించాడు — రా, రా అని పిలిచిందట.

“ఆమె పిలిస్తే... కారవాన్ కదిలి వెళ్ళింది, సిలాస్. బండి లేదు. లైటు లేదు. దానంతటదే ఆమె దగ్గరికి వెళ్ళింది. నువ్వు లోపల నిద్రపోతున్నావు.”

సిలాస్ నోరు తెరిచాడు. బుడగ, గచ్చు, పాలు, అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. కానీ వెనక నిలబడింది ఎవరని అడిగితే? నోరు మూసుకున్నాడు.

ముదీర్ గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. శుక్రవారం రావలసినవాళ్ళు ఈ సంగతి విని మానేశారు. బాషా వేరే చోటికి పంపమంటున్నాడు. అక్కడ మనిషి నిద్రపోయి క్షేమంగా లేచాడని జనం చూస్తే తప్ప ఆ జాగాకి ఎవరూ రారు. అందుకని సీజను అయ్యేదాకా ప్రతి గురువారం రాత్రీ ఎవరో ఒకరు అందులో పడుకోవాలి. డ్రైవర్లందరినీ అడిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు. బలవంతం ఏమీ లేదన్నాడు.

సిలాస్ తల వంచుకున్నాడు. మొహం వీలైనంత దిగులుగా పెట్టాడు.

“ముష్కిల్ సార్,” అన్నాడు. “కానీ మీరు చెప్పాక తప్పుతుందా.”