రాణీబావి బాస

పెరియకుళం దాటినాక కొండ కింద ఒక సినిమా కోట ఉండాది. మాయలూ మంత్రాలూ రెక్కల పాములూ ఉండే పెద్ద సినిమా తీసి, సెట్టు పీకకుండా టిక్కెట్టు పెట్టి జనానికి వదిలేసినారు. రెక్కల పామును చూసి ఎవురూ జడుసుకోరు, దాని కడుపులో థర్మకోల్ అని చంటిబిడ్డలకు కూడా తెలుసు. భయమంతా కోట వెనకాల ఉండే రాణీబావితోనే...

పొద్దు వాలితే ఆ బావిలోనించి మాటలు వినిపిస్తాయంట. ఆడ గొంతులు. తమిళం కాదు, ఇంగ్లీషు కాదు — అది ఏ బాసో ఎవురికీ తెలీదు. సినిమాలో రాణి దూకింది ఆ బావిలోనే కదా! దూకిన నటి నిన్న కూడా టీవీలో సబ్బు అమ్ముతా ఉండాది, అయినా జనానికి ఆ సంగతి పట్టదు.

మదురై కల్యాణసుందరి ఆడికి పోయింది దెయ్యం కోసం కాదు, కోడలి కోసం. మాట్టుతావణి బస్టాండు దగ్గర వాళ్లకు పాత్రలమ్మే అంగడి, పాత్రల కడ. కొడుకు సూర్యకు చూసిన సంబంధమల్లా ఏదో ఒక వంకతో తప్పిపోతా ఉంటే ఆమెకు కంటిమీద కునుకు లేదు. కంబం తట్టు మన తెలుగోళ్ల పిల్ల త్రిష ఆ కోటలో మేనేజరమ్మ అని సంబంధాలు కుదిర్చే దురైసామి చెప్పినాడు. చెప్పకుండా పోయి చూసొద్దామని, మొగుడు రఘురామన్‌ను లాక్కొని ఆమె టూరిస్టు మాదిరి బయల్దేరింది.

కౌంటరు అద్దం వెనకాల పిల్ల కనబడింది. కల్యాణసుందరి పక్కకొచ్చి, ద్రాక్ష అమ్మే ఒక అవ్వతో తమిళంలో బేరమాడతా, మొగుడితో తెలుగులో మొదలుపెట్టింది.

మన మదురై తెలుగోళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇల్లు దాటితే తెలుగు ఎవురికీ రాదని ధైర్యం. బస్సులోనైనా, ఆస్పత్రిలోనైనా, ఎదుటి మనిషి మొహమ్మీదే వాళ్ల కథంతా తిరగేస్తారు.

"రంగు తక్కువే. నవ్వితే ఊరంతా వినిపిస్తా ఉండాది. కానీలే, మన సూర్యతో కల్యాణం కానీ — ఉద్యోగం మాన్పించి, మెడ వంచి ఒక మూల కూర్చోబెడతా!"

"మెల్లంగా అనవే..."

"ఈ ముసిల్దానికేం తెలుస్తాది? ద్రాక్ష చూడండి, దీని మొహం మాదిరే వాడిపోయినాయి."

అవ్వ నవ్వి, తూచి ఇచ్చింది.

కోటంతా తిరిగేసరికి ఎండకు కల్యాణసుందరికి కళ్లు తిరిగినాయి. సింహాసనం మెట్లమీదే కూలబడింది. త్రిష పరిగెత్తుకొచ్చింది. ఎవురని కూడా అడగలేదు. తల ఒళ్లో పెట్టుకుని, మొహం తుడిచి, మజ్జిగ తాగించి, లేచి నిలబడేదాకా చెయ్యి వదల్లేదు.

"ఏమండీ, ఈ పిల్లే!" అనింది ఆమె మొగుడితో, పిల్ల అటు పోంగానే. "ఇంకొకతి వద్దే వద్దు. రంగుదేముంది, నేను మాత్రం పాలరాయినా?" ఆ సంతోషంలో ఆమెకు నీరసం కూడా గుర్తులేదు.

పొద్దు వాలింది. ఈమధ్యే చేరిన గైడు సెంతిల్ గుంపును రాణీబావి కాడికి తెచ్చి, పెదాలమీద వేలు పెట్టినాడు. "ఉష్..."

గాలి ఆగింది... ఆకు కదల్లేదు... బావిలో గాజుల చప్పుడు —

ఆ వెనకే మాట.

ఎవురో కెవ్వుమన్నారు. గుంపంతా పరుగో పరుగు! రఘురామన్ అందరికంటే ముందు పోయి బస్సెక్కినాడు.

కల్యాణసుందరి కదల్లేదు. లోపలి ప్రతి మాటా ఆమెకు అర్థమవుతా ఉండాది.

వంగి చూసింది. అది బావేంది — చెక్కా సున్నమూ. మనిషి లోతుకే నేల, పక్కన చిన్న తలుపు. లోపల బుట్ట సర్దుకుంటా ద్రాక్షల అవ్వ. ఆమె భుజమ్మీద తల ఆనించి త్రిష.

"దురైసామి చెప్పిన పాత్రల కడ వాళ్లేనా, అవ్వా? నిజంగానా?"

"పిల్లోడి పేరు కూడా అన్నది కదా. సూర్యే."

"నా గురించి ఏమన్నది?"

"ఉద్యోగం మాన్పించి, మెడ వంచి మూల కూర్చోబెడతాదంట, బిడ్డా."

త్రిష అవ్వ భుజమ్మీదినించి తల ఎత్తింది.

"నేను పోను అవ్వా. దురైసామికి ఫోన్ చేసి చెప్పెయ్. నీ మనవరాలికి మదురై సంబంధం వద్దని."

'అది మజ్జిగకు ముందన్న మాట, తల్లీ!' అని అరుద్దామనుకుంది కల్యాణసుందరి. రెండడుగులు వెనక్కి వేసింది.

సెంతిల్ దూరంనించే అడిగినాడు: "అమ్మా, మీరొక్కరే నిలబడి విన్నారే... ఏం చెప్తా ఉండాది రాణి?"

"నాకేం తెలుసు, తంబీ," అనింది ఆమె తమిళంలో, కొంగుతో కళ్లు ఒత్తుకుంటా. "ఆ బాస నాకు రాదు."

బస్సులో మదురై చేరేదాకా మొగుడితో కూడా తమిళమే మాట్లాడింది.