ఎర్రదీపం పడ్డ రొయ్యలు

మూడో తొట్టిలోని రొయ్యల్ని పరీక్షించినా ఎర్రదీపమే వెలిగింది.

"మళ్లీనా మేడమ్!" అన్నాడు నూకరాజు.

విశాఖ తీరంలోని ఆ ఆక్వేరియంలో వేటచేపలకు మేత వేసేది అతనే. అద్దం వెనక అరోవానా చేప పొట్ట లోపలికి పీక్కుపోయి, ఈత మానేసి ఒక మూలకు ఒరిగి ఉంది. నదుల్లో ఆ జాతి ఎప్పుడో అంతరించింది. మిగిలిన ఆడచేప ఇదొక్కటే. ప్రాణమున్న ఎర కదిలితే తప్ప నోరు తెరవదు. కిందటి నెల జబ్బుపడ్డ ఎర తినడం వల్లే దాని జోడు చచ్చిపోయింది.

అందుకే డాక్టర్ మెహజబీన్ ఈ స్కానర్ తయారుచేసింది. ఎరను నీళ్లతో సహా గాజుగొట్టంలోకి వదిలితే లేజర్ కాంతి దాని ఒంట్లోంచి దూసుకుపోతుంది. పరాన్నజీవులు గానీ, మందుల అవశేషాలు గానీ కనిపిస్తే ఎరుపు. లేకపోతే ఆకుపచ్చ.

"ఈ రొయ్యల నిండా యాంటీబయాటిక్సే," అందామె.

నూకరాజు ఇక ఆగలేకపోయాడు. గుప్పెడు రొయ్యలు తీసి నీళ్ల మీదికి వంగాడు. అరోవానా కదిలింది. పైకి లేచింది. నోరు తెరిచింది.

మెహజబీన్ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "వద్దు! మీరే దాన్ని చంపేస్తారు!"

"ఆకలికి చచ్చిపోదా మరి?"

ఆమె లోపలికెళ్లి, తన ప్రయోగాల కోసం ఏళ్ల తరబడి పెంచుకుంటున్న మోలీ చేపల్ని బకెట్‌తో తెచ్చింది. వాటిని గొట్టంలోకి వదిలింది.

ఆకుపచ్చ!

వాటిని వేసిన మరుక్షణం అరోవానా తొట్టిలో నీళ్లు భళ్లున చిమ్మాయి. అరోవానా తింటోంది. నూకరాజు ఎర్రదీపం పడ్డ రొయ్యల్ని, మేత తెచ్చే సత్తిరాజుకు తిరిగిచ్చేశాడు.

కాసేపటికి బయట గోల వినిపించి గేటు దగ్గరికి పరుగెత్తాడు. సత్తిరాజు ఆ రొయ్యల్నే అక్కడ వ్యాన్ ఆపి తూచి అమ్ముతున్నాడు. స్కానర్ సంగతి ఊరంతా పాకిపోయింది కాబట్టి జనం సంచులతో ఎగబడుతున్నారు.

"మిషన్ చూసినవేనా బాబూ?" ఒకావిడ అడిగింది.

"చూసినవేనమ్మా! ఒక్కటి కూడా వదల్లేదు." సత్తిరాజు అబద్ధమాడలేదు.

"కొనకండి! చేపకే పనికిరావని తేలిన రొయ్యలవి!" నూకరాజు అరిచాడు.

ఆవిడ సంచిని గుండెకు హత్తుకుని అతణ్ణి ఎగాదిగా చూసింది.

"బాగుందయ్యా వరస! మంచివన్నీ చేపకు దాచుకుని, మా దాకా వచ్చేసరికి వద్దంటావా?" అని సత్తిరాజు వైపు తిరిగింది. "ఇంకో కిలో వెయ్యి."