చూసేశామని గుర్తు పెట్టిన తలుపు

డిపో వెనకాల మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఉంది చూశారూ... పొద్దుగూకితే ఆ దారిన కుక్క కూడా పోదు. ఎప్పుడో ఒక కూలీ, తలుపు మూసుకుంటే బయట గడియ దానంతటదే పడిపోయే చల్లగదిలో ఇరుక్కుని చచ్చిపోయాడనీ, చీకటి పడ్డాక లోపల్నుంచి తలుపు కొడతాడనీ చెప్పుకుంటారు. నేనైతే నమ్మను. నమ్మను గానీ, నేనూ చుట్టు తిరిగే వెళ్తాను.

ఇది మా బావ చెప్పిన సంగతి. వ్యాను నడుపుతాడు. తప్పిపోయినవాళ్ళని వెతికే బృందంలో ఉన్నాడు. నోరు పెద్దది, గుండె చిన్నది అని మా అక్కే అంటుంది.

ఆ వారం ఒక ముసలి టైలరు తప్పిపోయాడు. మతిమరుపు మనిషి. నర్సుగా చేసే కూతురు ఫొటో పట్టుకొచ్చి, "మా నాన్న చీకట్లో ఉండలేడు అన్నయ్యా" అంది.

వీళ్ళకో పద్ధతి ఉంది. ఏ చోటైనా వెతికాక బయటి తలుపు మీద చాక్‌పీసుతో గుర్తు పెడతారు. గుర్తు కనపడితే వెనకొచ్చే జట్టు అక్కడ ఆగదు.

మొదటి రాత్రి బావా, ఇంకో ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళారు. హాలంతా చూశారు. చివర చల్లగది... బావ గడియ మీద చెయ్యి వేశాడు.

టక్... టక్... టక్.

లోపల్నుంచి.

"దెయ్యంరా... పరిగెత్తండి" అని బావ పెట్టిన కేకకి ముగ్గురూ రోడ్డు మీదకొచ్చి పడ్డారు. పరువు పోతుందని బయటి తలుపు మీద గుర్తు మాత్రం పెట్టేశాడు. తర్వాత వచ్చిన రెండు జట్లూ ఆ గుర్తు చూసి, హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయాయి.

మూడో రోజు సాయంత్రం కూతురు వెతికిన చోట్ల జాబితా చూస్తూ అడిగింది. "ఐస్ ఫ్యాక్టరీలో చల్లగది తెరిచారా అన్నయ్యా?"

బావ చూపు తిప్పేసుకున్నాడు. "గడియ... రాలేదమ్మా" అన్నాడు.

ఆమె తిట్టలేదు. టార్చి తీసుకుని లేచింది. అప్పటిగ్గానీ ఈయనగారి బుర్రకి తట్టలేదు — కొట్టింది దెయ్యం కాకపోతే?

దారంతా ఒకటే మొక్కుకున్నాడట. ఆ చప్పుడు మళ్ళీ వినపడితే చాలు. దెయ్యమైనా సరే, కొట్టనీ...

తలుపుకి చెవి ఆనించారు. చప్పుడు లేదు.

"నాన్నా" అని పిలిచింది.

లేదు.

చంపేశాను కదా అనుకున్నాడు బావ.

గడియ తేలిగ్గానే వచ్చింది. ఆమె ఒక్కసారి బావ వైపు చూసి లోపలికి పరిగెత్తింది.

మూలన గోనెపట్టాల మధ్య ముడుచుకుని టైలరు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. పైపులోంచి కారే నీళ్ళు దోసిట్లో పట్టుకు తాగి బతికాడట. కూతురు మీదపడి ఏడుస్తుంటే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెల్లగా తల్లీ... బయట దెయ్యం ఉంది. మొన్న నేను తలుపు కొడితే కేక పెట్టింది. అప్పట్నుంచి చప్పుడు చెయ్యకుండా కూర్చున్నా. నువ్వు పిలిచినా... అదేననుకున్నా."

బావకి ఏడుపు ఆగలేదు. వంగి, "లేవండి పెద్దాయనా, ఇంటికెళ్దాం" అన్నాడు.

ముసలాయన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అదేనమ్మా... ఆ గొంతే."