కుడి చక్రం వెనక ఎర్రచుక్కలు

"మా అన్నయ్యని చంపబోయింది మా ఆయనేనా, కాదా? అదొక్కటి తేల్చి చెప్పండి. ఇంక నాకేం అక్కర్లేదు."

కుర్చీ చూపించినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడి అందామె. తొంభై రెండులో, దసరా వెళ్లిన వారంలోనే జరిగిన సంగతి ఇది. ప్రైవేట్ డిటెక్టివ్ వీరభద్రం ఆఫీసు అప్పట్లో యూసుఫ్‌గూడలో, సినిమావాళ్లకి బట్టలు కుట్టే టైలర్ షాపు మీద ఉండేది. కింద మిషన్లు టకటకలాడుతుంటే పైన ఎవరు ఏడ్చినా బయటికి వినిపించదు. అందుకేనేమో, ఆఫీసు బాగానే నడిచేది.

"జర కూసోమ్మా. నిమ్మలంగ చెప్పు," అన్నాడు వీరభద్రం. వరంగల్ మనిషి. మాట కటువు, చూపు ఇంకా కటువు. ఎదుట ఆడవాళ్లు ఏడిస్తే మాత్రం ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు తిరిగేవాడు. అసిస్టెంట్ రమామణి మంచినీళ్లిచ్చి ఆమెని కూర్చోబెట్టింది. తన సారుకి తెలియని విషయం ఈ భూమ్మీద లేదని రమామణి గట్టి నమ్మకం. ఆ నమ్మకం చెడకుండా చూసుకోవడం ఆయనకి కేసులకంటే పెద్ద పని.

వచ్చినామె పేరు నాగేశ్వరి. అన్నగారు త్రినాథరావు సినిమాల్లో ఛేజింగ్ సీన్లకి కార్లు నడుపుతాడు. జూబ్లీహిల్స్‌లో ఇల్లు, ఆ ఇంట్లో ఫారిన్ నుంచి వచ్చిన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. ఆమె భర్త సత్యనారాయణమూర్తిదీ అదే పని. ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకుంటారు. ఆ కారుకి ఏం రిపేరొచ్చినా మెకానిక్కుని దగ్గరికి రానివ్వరు. ఇంటి పోర్టికోలో వాళ్లే విప్పుకుని కూర్చుంటారు.

"ముందు చక్రాల వెనక, కుదుపు ఆపే రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి సార్. గుంటలో పడితే కారంతా కటకటమంటోందని బోల్టులతో సహా కొత్తవి తెప్పించారు. మహర్నవమి పొద్దున ఇద్దరూ పనిలో దిగారు. ఎడమ వైపు అయిపోయింది. కుడి వైపు బుష్‌లు ఎక్కించి, వాటిని పట్టే నట్లు చేత్తో తిప్పి వదిలేశారు."

"చేత్తోనా? పానాతోని ఎందుకు బిగించలే?"

"రబ్బరు కదండీ. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే తర్వాత మెలిపడి చిరిగిపోతుందట. కింద చిన్న జాకీ పెట్టి, కారు బరువు దానిమీద ఆనాకే బిగించాలట. సరిగ్గా అప్పుడే మా అమ్మ వచ్చి పానాలన్నీ ఆయుధపూజకి పట్టుకుపోయింది."

పూజపీట ఎక్కిన పనిముట్టుని మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా ముట్టుకోకూడదు. పని ఆగింది. పని ఆగాక మాటలు పెరిగాయి. దసరా నాడు ఫిల్మ్‌నగర్‌లో కొత్త సినిమా ముహూర్తం షాట్ ఉంది. అందులో కారు ఎవరు నడపాలన్న దగ్గర మొదలై ఎక్కడెక్కడికో వెళ్లింది గొడవ. "నీ కారు నువ్వే బిగించుకో బావా!" అని మూర్తి చెప్పులేసుకుని యూసుఫ్‌గూడకి వచ్చేశాడు.

"మర్నాడు పొద్దున పూజ అయ్యాక అన్నయ్య కారు తీశాడు. ఫిల్మ్‌నగర్ వాలు దిగుతుంటే కుడి చక్రం మడుచుకుపోయి బండరాయికి కొట్టుకుంది. భుజం ఎముక విరిగింది. ఇంకాస్త పక్కకెళ్తే మనిషి దక్కేవాడు కాదు సార్."

"నట్లు బిగించకుండ ఎట్ల తీసిండమ్మా మీ అన్న? తలకాయ లేదా?"

"అదే కదండీ గొడవంతా! నట్టు బిగించాక దాని మీద ఎర్ర పెయింటు చుక్క పెట్టడం వాళ్లిద్దరి అలవాటు. చుక్క ఉంటే ఇంక పానా పెట్టి చూడరు. ఆ పొద్దున కుడి వైపు నట్ల మీద చుక్కలున్నాయట. మా ఆయన వచ్చి బిగించి వెళ్లారనుకుని చక్రం ఎక్కించేశాడు. ఇప్పుడేమో, కావాలనే బిగించకుండా చుక్కలు పెట్టాడంటున్నాడు. మా ఆయనేమో చుక్కలు నేను పెట్టలేదు, ఆ గుమ్మమే తొక్కలేదంటారు. సాయంత్రం ఎస్సైని ఇంటికి రమ్మన్నాడు అన్నయ్య, కంప్లయింట్ రాసివ్వడానికి. అటు తోడబుట్టినవాడు, ఇటు తాళి కట్టినవాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నా బతుకు."

వీరభద్రం లేచాడు. "నడువు రమామణీ. ఎస్సై వచ్చేలోపు మనం పోవాలె."

మూర్తి ఇల్లు రెండు వీధుల అవతలే. గడ్డం మాసి, గోడ వైపు తిరిగి పడుకున్న మనిషిని భార్య లేపి కూర్చోబెట్టింది.

"చుక్కలు నువ్వు పెట్టలే?" వీరభద్రం సూటిగా అడిగాడు.

"లేదండీ. పెడితే బిగించే పెడతాను. దొంగ చుక్క పెట్టే అలవాటు నాకు లేదు."

"యాక్సిడెంట్ అయినంక కారు ఇంటికి తెచ్చిందెవరు?"

"నేనే. ముందు భాగం పైకి లేపి లారీకి కట్టి తెచ్చాను. దారి పొడుగునా వాన, నేనూ కారూ తడిసి ముద్దయ్యాం."

"గంత కోపంల ఉండి మల్ల ఎందుకు పోయినవు?"

మూర్తి మొహం ముడుచుకున్నాడు. "కోపం బావ మీదండీ. కారేం చేసింది?"

రమామణికి నవ్వొచ్చింది కానీ నాగేశ్వరి మొహం చూసి ఆపుకుంది. నలుగురూ ఆటోలో ఇరుక్కుని జూబ్లీహిల్స్ చేరారు.

పోర్టికోలో ఎర్ర కారు కుడివైపుకి ఒరిగి ఉంది. వీరభద్రం చొక్కా చేతులు మడిచి, మూర్తి చేత ముందు చక్రాలు రెండూ విప్పించి, నేల మీద బోర్లా పడుకుని చూశాడు. ఎడమవైపు నట్ల మీద చుక్కలున్నాయి. గోరుతో గీకినా రాలేదు. కుడివైపు ఒక బోల్టు ఊడి ఎక్కడో పడిపోయింది. ఇంకోటి ఉంది, దాని నట్టు మర చివరిదాకా వదులైపోయింది. దాని మీద చుక్క లేదు. చుట్టూ ఇనుము మీద పాత గ్రీజూ దుమ్మూ పెచ్చుకట్టి, ఎవరూ కదపనట్టు అలాగే ఉన్నాయి. నట్టు పక్కన మరల సందులో ఏదో కనిపించి వీరభద్రం కళ్లు చిన్నవి చేశాడు.

"చూశారుగా! చుక్క తుడిచేశాడు!" వరండాలోంచి అరిచాడు త్రినాథరావు. కుడి భుజానికి కట్టుతో పడక కుర్చీలో ఉన్నాడు. "కారు తెచ్చింది వాడేగా? దార్లోనే సాక్ష్యం మాయం చేశాడు. వాడు నా గుమ్మంలోకి ఎలా వచ్చాడసలు?"

"నేను తెచ్చిన. నీకు అభ్యంతరమైతే నన్ను తిట్టు," అన్నాడు వీరభద్రం చేతులు దులుపుకుంటూ. "చుక్కలు ఎట్లుండె?"

"ఎర్రగా, గుండ్రంగా. మేం పెట్టేవాటికంటే కాస్త పెద్దవి. టార్చి వేసి చూశాను."

"ముట్టి చూసినవా?"

"బావ పెట్టిన చుక్కని ముట్టి చూస్తానా? ఇన్నేళ్లలో ఎప్పుడైనా చూశానా?" త్రినాథరావు కుర్చీలోంచి ముందుకి వంగాడు. "చుక్కలు చూసి ఎంత సంతోషించానో మీకేం తెలుసు! కోపం మర్చిపోయి పొద్దున్నే తన పానాలు తెచ్చుకుని పని చేసి వెళ్లాడు, షూటింగ్ అవగానే వాళ్లింటికెళ్లి భోంచేద్దామనుకున్నాను. అలాంటిది, ఇంత కుట్ర!"

మూర్తి తల దించుకున్నాడు. అప్పుడే లోపల్నుంచి కాఫీలు పట్టుకుని అమ్మాజీ వచ్చింది. త్రినాథరావుకీ నాగేశ్వరికీ తల్లి. నుదుట రూపాయంత కుంకుమ, నిద్రలేని కళ్లు. అల్లుడి వైపు చూడాలో కొడుకు వైపు చూడాలో తెలియక కాఫీ పళ్లెం వైపే చూస్తోంది.

"నవమి నాడు పూజ జోరుగ చేసినవట గదా అమ్మా?" వీరభద్రం గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"ఆ, ఏటేటా చేసేదే నాయనా. పానాలకీ, కుట్టుమిషన్‌కీ, మిక్సీకీ, ఆఖరికి అట్లకాడకి కూడా బొట్టు పెట్టాను. ఇంక కారంటారా, మాకు అన్నం పెట్టే తల్లి. దాన్ని వదుల్తానా?"

"గీ వయసుల వంగి పెట్టినవా?"

"వంగే ఓపిక ఎక్కడిది? కారు పక్కన పీట వేసుకుని కూర్చునే పెట్టాను. పొడి కుంకుమ ఇనుము మీద నిలవదని నీళ్లతో తడిపి మరీ పెట్టాను."

"శానా మంచిది. ఇంట్ల తమలపాకుల పెట్టె ఉంటే జర సున్నం తెచ్చియ్యి."

రమామణి తెల్లబోయింది. సారు తాంబూలం వేసుకోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. సున్నం రాగానే వీరభద్రం అందర్నీ పోర్టికోలోకి పిలిచాడు. త్రినాథరావుని నాగేశ్వరి పట్టుకుని తీసుకొచ్చింది. మూర్తి స్తంభం పక్కన దూరంగా నిలబడ్డాడు.

"త్రినాథరావుగారూ, నువ్వు చెప్పేది ఒక్కటే. మూర్తి చుక్క పెట్టిండు, మల్ల తుడిచిండు. సరే, పెయింటు తుడవాలంటే ఏం కావాలె?"

"పెట్రోలో, థిన్నరో."

"అది రుద్దితే చుట్టున్న పాత గ్రీజు ఉంటదా, పోతదా?"

"పోతుంది." త్రినాథరావు కారు వైపు చూశాడు. గ్రీజు అలాగే ఉంది.

"పోలే. అంటే ఎవరూ తుడవలే. వానకి పోయింది. కానీ అదే వానల తడిసిన ఎడమవైపు చుక్కలు పోలే. ఎందుకంటే అవి పెయింటు. కుడివైపువి పెయింటు కాదు."

వీరభద్రం తెల్ల జేబురుమాలు తడిపి, కుడి బోల్టు మరల సందులోకి దూర్చి తిప్పి తీశాడు. రుమాలు కొసన పచ్చటి మరక. దాని మీద వేలితో సున్నం రాశాడు. అందరూ చూస్తుండగానే పచ్చ మరక ఎర్రబారింది.

"పారాణి!" అప్రయత్నంగా అంది అమ్మాజీ. "పసుపూ సున్నం కలిస్తే అంతే కదా!"

"అంతే గదమ్మా. చక్రం వెనక పసుపు ఏడికెల్లి వస్తది? నవమి నాడు కుడి చక్రం విప్పి ఉంది. నువ్వు పీటేసుకుని కూసున్నవు. కండ్ల ముంగట కొత్త బోల్టులు మెరుస్తున్నయి. కొత్త వస్తువుకి ముందు పసుపు, దాని మీద కుంకుమ. ఎడమ చక్రం ఎక్కించి ఉండె, అందుకే అటువైపు టైరుకి పెట్టినవు. తెల్లారి నీ కొడుకు టార్చి వేసి నీ బొట్టు చూసి, బావ చుక్క అనుకున్నడు. మూర్తి రాలే, బిగించలే, చుక్క పెట్టలే. ఒక్క అబద్ధం కూడ చెప్పలే."

సున్నం తెచ్చిన పళ్లెం అమ్మాజీ చేతిలోంచి జారింది.

"అయ్యో నా తండ్రీ! నా చేత్తో నేనే నా బిడ్డని…"

"ఆగమ్మా!" వీరభద్రం గద్దించాడు. "కారు చల్లగుండాలని దండం పెట్టినవు. నీ తప్పేంది గిండ్ల? నీ కొడుకు ఒక్క ఫోన్ చేసి 'బావా, బిగించినవా?' అని అడిగితే అయిపోయేది. మూర్తేమో సగం పని వదిలి చెప్పులేసుకుండు. తిట్టాలంటే వీళ్లను తిట్టు."

త్రినాథరావు మూర్తి వైపు తిరిగాడు. "బావా," అన్నాడు. "నిన్ను జైల్లో వేయించబోయాను రా."

"వేయించేవాడివే," అన్నాడు మూర్తి స్తంభం దగ్గర్నుంచే. "ఆసుపత్రి గుమ్మంలోంచే తరిమావు. అక్కడే కూలబడి ఏడ్చాను, తెలుసా?" త్రినాథరావు ఒంటి చేత్తో తడబడుతూ ముందుకు రాబోతే, "కదలకు, కట్టు ఊడుద్ది!" అని కసిరి తనే పరుగున వెళ్లి పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడం పట్టుకోవడం ఇంక వదల్లేదు. ఇద్దరూ చిన్నపిల్లల్లా వెక్కి వెక్కి ఏడ్చారు.

రమామణి ముక్కు తుడుచుకుంటూ, "ఎస్సైగారొస్తే ఏం చెప్పాలి సార్?" అంది.

"ఏముంది? కాఫీ తాగి పొమ్మనాలె," అన్నాడు వీరభద్రం కిటికీ లేకపోవడంతో ఆకాశం వైపు చూస్తూ.

అమ్మాజీ మాత్రం మెట్టు మీద కూలబడి నుదురు కొట్టుకుంటూనే ఉంది. ఎవరు చెప్పినా వినడం లేదు. నాగేశ్వరి వచ్చి పక్కన కూర్చుంది. అన్నని చూసింది, మొగుణ్ణి చూసింది. ఇద్దరూ తనవాళ్లే, ఇద్దరూ తనకి మిగిలారు. గుండెల మీంచి బండ దిగినట్టయి, తల్లి భుజం మీద వాలిపోయింది.

"అమ్మా, ఆకలేస్తోందే," అంది. "దసరా నుంచి అన్నం సయించలేదు. ఏదైనా పెట్టవే."

అమ్మాజీ ఏడుపు ఆపి కూతురి మొహంలోకి చూసింది. కొంగుతో ముందు కూతురి కళ్లు, తర్వాత తన కళ్లు తుడుచుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"ఇప్పుడే అన్నం వారుస్తాను. అందరూ చేతులు కడుక్కోండి," అంటూ వంటింట్లోకి నడిచింది.