మూడో సొరంగం తలుపులు

విస్కాన్సిన్ కొండల్లో ఆ మూడో సొరంగం పేరెత్తితే ఇప్పటికీ మావాళ్లు మాట మార్చేస్తారు. రైళ్లు తిరిగే రోజుల్లో మంచు లోపలికి రాకుండా రెండు కొసలా పెద్ద చెక్క తలుపులు పెట్టారు. బండి వచ్చినప్పుడల్లా వాటిని తెరిచి మూసే కావలివాడు ఒక చలికాలం లోపలే చిక్కుకుపోయాడట... మూడు రోజులు తలుపు తడుతూనే ఉన్నాడట. గాలి అనుకున్నారు జనం.

రైళ్లు ఆగిపోయాక పట్టాలు పీకేసి, సన్నకంకర పరిచి, సైకిళ్ల బాట చేశారు. వేసవంతా పిల్లాజెల్లా తిరిగే చోటే! కానీ నవంబరొస్తే తలుపులు మూసి, బయట గడియ వెయ్యాలి. మళ్లీ ఏప్రిల్లోనే తీసేది. ఆ పని ముసలి హాల్వర్‌ది, ఆయన భార్య ఆర్లిస్‌ది. మూసేముందు సొరంగమంతా నడిచి, ఎవరూ లేరని చూసుకోవాలి.

కిందటేడు గడియ వేశాక లోపల్నుంచి చప్పుడైంది. హాల్వర్ హడలిపోయి తెరిచాడు. ఎవరూ లేరు! ఇంక ఊరంతా చేరే శుక్రవారం చేపల వేపుడు విందుకి వెళ్లినప్పుడల్లా, "ఏం హాల్వరూ, మీ దెయ్యాన్ని తీసుకురాలేదా?" అని ఒకటే వేళాకోళం. పాపం, ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఈ ఏడు తలుపులు మూసేరోజు శుక్రవారమే పడింది. పొద్దు గుంకింది. పడమటి తలుపు మూసేసి, కారులో కొండ చుట్టూ తిరిగి తూర్పు కొసకి వచ్చారు.

"నడవడమెందుకు, ఓ కేకెయ్యి చాలు. చేపలైపోతాయి," అంది ఆర్లిస్, బండి దిగకుండానే.

హాల్వర్ కేకేశాడు. జవాబు లేదు. గడియ వేశాడు.

టక్... టక్... టక్...

"తియ్యకు! మళ్లీ నవ్వులపాలు కావాలా?" అని ఆర్లిస్ అద్దం ఎక్కించేసుకుంది.

హాల్వర్ తలుపుకి చెవి ఆనించాడు. నిజంగా మనిషే అయితే? సైకిల్ మీంచి పడిపోయినవాడైతే... ఏప్రిల్ దాకానా? పరువు పోతే పోయిందనుకుని గడియ తీశాడు.

ఎవరూ లేరు. కానీ లోపల, దూరంగా... మూలుగు.

"ఎవరూ?" అంటూ టార్చి వేసుకుని ఇరవై అడుగులు లోపలికి వెళ్లాడు.

వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది — బయటి గడియ.

పరిగెత్తుకొచ్చి రెండు పిడికిళ్లతో బాదాడు. అరవబోతే భయంతో నోరు పెగల్లేదు. బండి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కంకర మీద అడుగులు. హమ్మయ్య... ఆర్లిస్ వస్తోంది!

"మళ్లీ కొడుతోంది," అంది ఆమె. "నాకు భయమేస్తోంది, హాల్వర్."

తలుపుకి అవతల, ఆమె పక్కనే, ఎవరో మెల్లగా నవ్వారు. అచ్చం హాల్వర్ గొంతే.

"కొట్టనీ, ఆర్లిస్... మూడు రోజులు కొట్టి, అదే ఆగిపోతుంది."