ఏడు నిమిషాల ప్రార్థన

"శుక్రవారం రాత్రి పది గంటలకు డాక్టర్ లూదియా ఓడ మీది నుంచి సముద్రంలో పడి చనిపోతుంది," అన్నాడు రాజశేఖర్, టీ ఊదుకుంటూ. "కనీసం పేపర్లు అలా రాస్తాయి."

రూబెన్ ఆరేళ్ళుగా ఈ ఇంటెలిజెన్స్ చీఫ్ కింద పనిచేస్తున్నాడు. ఎంత పెద్ద వార్తయినా టీ చల్లార్చుకుంటూనే చెప్తాడాయన.

2022 జూన్. నంద్యాల రైల్వే స్టేషన్ ఎదుట ఒక లాడ్జి, రెండో అంతస్తులో గది. టైం ఉదయం ఐదున్నర. మాట బయటికి పోకుండా కిటికీ మూశారు, ఫ్యాన్ ఆపారు. ఇద్దరి చొక్కాలూ చెమటకు వీపులకు అంటుకుపోయాయి.

"నిజానికి ఎక్కడుంటుంది సార్?"

"స్పీడ్ బోట్‌లో. లంగరు ముఠా చేతుల్లో."

లంగరు ముఠా పరాయి దేశం పెంచి పోషిస్తున్న గూఢచారుల గుంపు. లూదియా మాత్రం నంద్యాల అమ్మాయే. అమ్మాయంటే అరవై ఏళ్ళ అమ్మాయి లెండి. మన జలాంతర్గాములు నీళ్ళ అడుగున మాట్లాడుకునే సంకేత భాషను ముప్పై ఏళ్ళు కూర్చుని అల్లి, పోయిన నెలలో రిటైరైంది. కీలకమైన భాగం కాగితం మీద లేదు, కంప్యూటర్లో లేదు. ఆమె తలలో ఉంది. ఆ తలను ఎత్తుకుపోతే చాలు, తూర్పు తీరం మొత్తం వాళ్ళ చెవిలో పడుతుంది.

"ఆమె వెళ్ళే ఓడ టూర్ ఆపేద్దాం సార్."

"ఆపితే ముఠా జారిపోతుంది. టూర్ మేనేజర్ శ్రీవాణి మన మనిషే. వాళ్ళతో ఉంటూ రెండేళ్ళుగా మనకు సమాచారం ఇస్తోంది, డబుల్ ఏజెంట్. ప్లాన్ అంతా ఆమే చెప్పింది. ఓడలో మాస్క్ కంపల్సరీ. డెక్ మీద, లిఫ్ట్‌లో, సినిమా హాల్లో. ముద్ద నోట్లోకి పోయేటప్పుడే తీయాలి. రెండు వేల మందిలో ఎవరు ఎవరో ఎవరికీ తెలియదు. కిడ్నాపర్లకు ఇంకేం కావాలి? మన కమాండోలు చెన్నై హార్బర్‌లో ఎక్కుతారు. అప్పటిదాకా బస్సులో నువ్వొక్కడివి చాలు."

"నేనే ఎందుకు?"

"నలభై మందీ ఒకే చర్చి వాళ్ళు. కొత్త మొహం వెళ్తే పసిగడతారు. సంఘ పెద్ద దేవరాజుగారు మీ మామ కదా. వాళ్ళ లెక్కలో నువ్వు ఇన్సూరెన్స్ ఏజెంటువి." రాజశేఖర్ గ్లాసు కింద పెట్టాడు. "మీ ఆవిడ కరుణ పోయి ఏడాది దాటింది. చేయగలవా?"

"చేస్తాను సార్," అన్నాడు రూబెన్. ఆ గదిలో ఆ ఉదయం తెలిసి చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఏడు గంటలకు బస్సు దగ్గర మనుషులకంటే మాస్కులే ఎక్కువ కనబడ్డాయి. ఓడ రూల్స్ బస్సు మెట్టు దగ్గరే మొదలన్నారు టూర్ వాళ్ళు. ఆడవాళ్ళందరూ కంపెనీ గుర్తుగా ముందే పంచిన ఒకే రకం నీలం చీరల్లో ఉన్నారు.

డోర్ దగ్గర అట్ట పట్టుకుని నిలబడి ఉంది శ్రీవాణి. చక్కగా అమిరిన చీరకట్టు, ఖరీదైన సెంటు. రూబెన్ దగ్గరికొచ్చి కోడ్ అడిగింది.

"పాములపాడు నుంచి వస్తాండారా?"

"కాదు, జూపాడు బంగ్లా నుంచి. డోన్ మీదుగా వచ్చినా."

జూపాడు బంగ్లా నుంచి డోన్ చుట్టి నంద్యాలకు వచ్చే పిచ్చివాడు జిల్లాలో ఎవడూ ఉండడు. అందుకే అది మంచి కోడ్. శ్రీవాణి తలెత్తి నవ్వింది.

మాస్కు పైన ఆ కళ్ళు కరుణవి. అదే వంపు, రెప్పల చివర అదే తడి మెరుపు. కొత్తేం కాదులెండి ఇది. ఊరంతా మాస్కులేసుకున్న ఈ కాలంలో కూరగాయల మార్కెట్లో, బ్యాంకు క్యూలో, ఎక్కడ ఏ ఆడమనిషి కళ్ళు కనబడినా వాడు కరుణనే వెతుక్కునేవాడు. దొరికేది కాదు. ఈ రోజు దొరికింది.

"చెన్నై దాకా ఏమీ కాదు," అంది శ్రీవాణి గొంతు తగ్గించి. "బస్సులో నిద్రపోండి. అసలు పని ఓడలో."

ఆ కళ్ళు చెప్పాయి కాబట్టి రూబెన్ నమ్మేశాడు. ఆ తర్వాత జన్మంతా దానికి సిగ్గుపడ్డాడు.

"సార్, గుడ్డ మాస్కు ఓడలో చెల్లదు. మూడు పొరలదే ఉండాల," అంది శ్రీవాణి అందరికీ వినబడేలా, ఒకటి అందిస్తూ.

రూబెన్ వేసుకున్నది కరుణ కుట్టిన చుక్కల గుడ్డ మాస్కు. తీయలేదు. దానిమీదే ఇంకోటి తగిలించుకుని ఎక్కాడు.

బస్సు నంద్యాల దాటి ఆళ్ళగడ్డ దారి పట్టిందో లేదో, లోపల గోల మొదలైంది.

"ఎద్దుకు ముక్కుతాడేసినట్లుండాదప్పా," అన్నాడు దేవరాజు. డెబ్భై దాటిన మనిషి. "సముద్రం గాలి పీల్చుకోను పోతాండాం. ముక్కు మూసుకొని యాడ పీల్చేది?"

"నాకైతే ఇదే మేలు," అంది దానమ్మ. "పళ్ళు కట్టించుకోనింకా తీరల్యా. ఓడలో ఫోటోలు దిగినా భయం ల్యా."

కొత్తగా పెళ్ళైన వినీత్ వెనక సీట్లోంచి అరిచాడు. "ఇంత దుడ్లు పోసి హనీమూన్‌కి పోతాంటే, ఫోటోల్లో నా పెండ్లామెవరో నాకే తెలిసేట్టు ల్యా అత్తా!"

బస్సంతా నవ్వింది. కళ్ళద్దాలు సవరించుకుంటూ లూదియా కూడా నవ్వింది. "రోగం భయం అందరికీ ఉండాది గదప్పా. మూడు రోజులు మూసుకుంటే ఏం పోతాది? నేను ముప్పై ఏండ్లు నోరు మూసుకునే పనిజేసినా."

రూబెన్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఈ జనానికి మాస్కంటే ఊపిరాడకపోవడం, ఫోటోలు పాడవడం. తనకి మాస్కంటే ఒక అద్దం.

పోయిన ఏడాది మే నెల. అద్దం అవతల వార్డులో కరుణ, మొహాన్ని సగం కప్పేసిన ఆక్సిజన్ మాస్కు, కళ్ళు మాత్రమే బయట. ఇవతల తను, చేతిలో స్పీకర్ పెట్టిన ఫోను. ఫోన్లో దేవరాజు. లాక్‌డౌన్‌లో కూతురి దగ్గరికి రాలేక ఇంట్లోంచే ప్రార్థన చేస్తున్నాడు. "కండ్లు మూసుకో అల్లుడా" అన్నాడు. మూసుకున్నాడు. ఎంతసేపో తెలియదు. తెరిచేసరికి నర్సు దుప్పటి పైకి లాగుతోంది. "మామా, ఐపోయింది" అని ఫోను పెట్టేశాడు.

ఆఖరి క్షణంలో కరుణ తనవైపు చూసిందా? చూసుంటే ఆమెకు కనబడింది మూసుకున్న కళ్ళే. ఆ రోజు నుంచి రూబెన్ ప్రార్థనలో కళ్ళు మూయలేదు. ఆ ప్రార్థనకు చెప్పాల్సిన ఆమేన్ గొంతులోనే ఉండిపోయింది. తర్వాత ఏ ప్రార్థనకూ అది పైకి రాలేదు.

ఎనిమిదిన్నరకు ఆళ్ళగడ్డలో హైవే పక్కన ఒక కల్యాణ మండపం ముందు బస్సు ఆగింది. టిఫిన్. పక్కనే శిల్పుల షెడ్లు. ఉలి దెబ్బలు ఆగకుండా టకటకమంటున్నాయి. తువ్వాళ్ళు మూతికి కట్టుకుని రాళ్ళు చెక్కేవాళ్ళు తెల్లటి దుమ్ములో లీలగా కనబడుతున్నారు.

లోపల వరుసగా బల్లలు, విస్తళ్ళలో వేడివేడి ఉగ్గాని, బజ్జీలు. దూరం దూరం కూర్చోవాలంటూ ఎవరి చోటు వాళ్ళకు చూపించింది శ్రీవాణి. లూదియాకు చివరి బల్ల, పక్క తలుపు పక్కన. తర్వాత పేర్లు రాసిన కవర్లలో కొత్త మాస్కులు పంచింది.

"తిండికి ముందు కొత్తది మార్చుకోవాల. ప్రార్థన అయ్యేదాకా తీయద్దండి, ఓడలోనూ ఇదే రూలు."

అందరూ మార్చుకున్నారు. రూబెన్ తన కవరు జేబులో పెట్టుకున్నాడు. పైది మార్చాలంటే లోపలి చుక్కల మాస్కు కూడా విప్పాలి. బుద్ధి కాలేదు, అంతే. ఆ మొండితనమే వాణ్ణి కాపాడిందని అప్పుడు తెలియదు.

"ప్రార్థించుకుందాం," అంటూ లేచాడు దేవరాజు.

దానమ్మ ఉగ్గాని వైపు దిగులుగా చూసింది. దేవరాజు ప్రార్థనంటే చర్చిలో అందరికీ హడలే. ఒకప్పుడు అర నిమిషంలో ముగించేవాడు. కూతురు పోయాక అది పెరుగుతూ పెరుగుతూ ఏడు నిమిషాలకు చేరింది. ఎవరూ ఏమీ అనరు. ఎవరంటారు?

ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు. నలభై మందీ కళ్ళు మూసుకున్నారు.

రూబెన్ మూయలేదు. హాలంతా చూశాడు. మాస్కులు, మూతపడ్డ కళ్ళు, వంగిన తలలు. వార్డు గుర్తొచ్చింది. అటు చూడలేక చివరి బల్ల వైపు తిరిగాడు.

లూదియా తల ఇంకొంచెం వాలింది. మరీ ఎక్కువ వాలింది. నిద్రా?

పక్క తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. తెల్లచొక్కా వాడొకడు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. వాడి వెనకే ఒక స్త్రీ. నీలం చీర, నెరిసిన జుట్టు, అవే కళ్ళద్దాలు, మాస్కు. ఒక్క క్షణం హాల్లో ఇద్దరు లూదియాలున్నారు. తెల్లచొక్కా వాడు అసలు లూదియాను గోనె ఎత్తినట్టు ఎత్తి కుర్చీలో వేశాడు. కొత్తావిడ ఖాళీ అయిన చోట కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుంది.

రూబెన్‌కు అర్థమైంది. ఓరి దేవుడా! ఓడలో కాదు, ఇక్కడే. ఈ దొంగ లూదియా మాస్కుతో ఓడెక్కుతుంది. రెండో రాత్రి మాయమౌతుంది. లోకం సముద్రంలో వెతుకుతుంది. అసలు లూదియా కోసం నేలమీద వెతికేవాడే ఉండడు. దీనికంతటికీ వాళ్ళకు కావలసింది అందరూ కళ్ళు మూసుకునే ఏడు నిమిషాలు. ఒక తండ్రి దుఃఖాన్ని వాచీ పెట్టి కొలుచుకున్నారు, పాపిష్టివాళ్ళు!

నడుము దగ్గర తుపాకీ మీదికి చెయ్యి పోయింది.

"వద్దు," అని చెవి పక్కన గుసగుస. సెంటు వాసన. శ్రీవాణి. ఆమె చేతిలో పెన్ను ఉంది. దాని మొన రూబెన్ వైపు లేదు, నాలుగడుగుల దూరంలో ప్రార్థిస్తున్న దేవరాజు వీపు వైపు ఉంది. "ఒకటే విషపు బుల్లెట్, సూదంత ఉంటుంది. చప్పుడు ఉండదు. ముసలాయన గుండె ఆగిందనుకుంటారు."

"నువ్వు మా మనిషివి."

"కొన్నాళ్ళు." ఆమె కళ్ళు మెత్తగా చూశాయి. కరుణ కళ్ళు. "కళ్ళు మూసుకో రూబెన్. ఒక్క నిమిషం. తెరిచేసరికి అంతా అయిపోతుంది."

ఆ మాట ఇంకెవరైనా అనుంటే ఏమయ్యేదో. ఆ కళ్ళతో ఆ మాట! తెరిచేసరికి అయిపోయిన రోజు ఒకటి చాలదూ?

కుర్చీ ముందు చక్రాలు గడప దాటాయి. బయట అంబులెన్సు ఇంజను మోగుతోంది. తుపాకీ తీస్తే మామ పోతాడు. తీయకపోతే లూదియా పోతుంది. దేవరాజు గొంతు వణుకుతూ సాగుతోంది. "ప్రభువా, జబ్బుతో ఉండేటోళ్ళను తలంచుకో. ఆసుపత్రిలో ఒంటరిగా పండుకున్నోళ్ళను తలంచుకో..."

నలభై జతల కళ్ళు తెరుచుకుంటే ఈ పెన్ను పేలదు. తెరిపించే మాట ఒక్కటే ఉంది. ఏడాదిగా గొంతులో ఇరుక్కుని ఉంది.

"ఆమేన్!"

హాలు దద్దరిల్లింది. పక్క షెడ్లో ఉలులు కూడా ఆగాయి.

నలభై మందీ అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో "ఆమేన్" అన్నారు, ఒక్కసారి కళ్ళు తెరిచారు. పెద్దాయన ఇంకా ముగించలేదని ఎవరికీ తట్టనే లేదు. అంత ఆకలి మీద ఉన్నారు పాపం.

"ఏందిది! ఇద్దరు లూదియాలు!" దానమ్మ కేక పెట్టింది.

శ్రీవాణి చూపు ఒక్క క్షణం తడబడింది. రూబెన్‌కు ఆ క్షణం చాలు. మణికట్టు మెలిపెట్టాడు. పెన్ను తుస్సుమని వడ్డించే ఉగ్గాని గిన్నెలోకి పేలింది. వినీత్ బల్లమీంచి దూకి చక్రాల కుర్చీని రెండు చేతులా వెనక్కి లాగాడు. తెల్లచొక్కా వాడు బయటికి పరిగెత్తి, సుత్తులతో వచ్చిన నలుగురు శిల్పుల మధ్య ఆగిపోయాడు. దొంగ లూదియా మాస్కును దానమ్మ పట్టి పీకింది.

"తియ్యే ముందు దాన్ని! నీ మొగం జూడాల!"

లూదియా మొహం మీది మాస్కు రూబెన్ తీసేశాడు. మత్తుమందు వాసన గుప్పుమంది. జేబులో తన కవరు చింపి చూశాడు, అదే వాసన. పావుగంటకు లూదియా కళ్ళు తెరిచి, "ప్రార్థన ఐపోయిందా?" అని అడిగింది.

పోలీసులు శ్రీవాణి మాస్కు తీసినప్పుడు రూబెన్ చూశాడు. ఎవరో తెలియని మొహం. ఆ మొహంలో కళ్ళు కూడా ఎవరివో. కరుణవి కావు. ఎప్పుడూ కావు.

మండపం మెట్ల మీద దేవరాజు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రూబెన్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"అల్లుడా, ఇన్సూరెన్సోళ్ళకి తుపాకులు గూడా ఇస్తాండారా?"

"పెద్ద పాలసీలైతే ఇస్తారు మామా."

ముసలాయన నవ్వలేదు. మాస్కు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆ పొద్దు నువ్వు ఫోను పెట్టేస్తివి. నేను ఆమేన్ అనల్యా. అంటే పాప పోయినట్టు నేనే ఒప్పుకున్నట్టయితాదని అనల్యా. అప్పట్నుంచి ఏ ప్రార్థన జేసినా ఆ మాట కాడికొచ్చి నిలబడిపోతా. మళ్ళా ఇంకోటి అడుగుతా, మళ్ళా ఇంకోటి. అందుకే అంత పొడుగు."

"నేనూ అనల్యా మామా. ఈ రోజు దాకా."

దేవరాజు అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు, దాచుకోకుండా. పక్క షెడ్లో ఉలులు మళ్ళీ మొదలయ్యాయి.

"ప్రార్థన మళ్ళా మొదట్నుంచి జేస్తారా ఏంది?" లోపల్నుంచి దానమ్మ గొంతు.

దేవరాజు లేచి లోపలికి నడిచాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. రూబెన్ చుక్కల మాస్కు విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తనూ కళ్ళు మూసుకున్నాడు. చీకట్లో కరుణ చూస్తోంది, మాస్కు లేకుండా. చూడనిచ్చాడు.

"తండ్రీ, ఈ తిండికి వందనాలు. ఆమేన్."

నాలుగు సెకన్లు. ఆ చర్చి చరిత్రలో అది రికార్డు. ఏం లాభం, ఉగ్గాని అప్పటికే చల్లారిపోయింది. పైగా ఒక గిన్నెలో బుల్లెట్ ఉంది.