పై గదిలో మాట్లాడే మనిషి

తాళాలమ్మకి నలభై ఆరేళ్ళు. ఖాళీ ఇంట్లోకి వెళ్ళేటప్పుడు కూడా తలుపు తట్టి వెళ్ళడం ఆమె అలవాటు.

ఇళ్ళు అమ్మిపెట్టే పని కదా, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. ఇంట్లో ఆమెకి ఆ పేరు అలా వచ్చింది. పరాయి దేశంలో పదకొండేళ్ళు ఇంకొకళ్ళ కంపెనీకి చాకిరీ చేసి, ఈ ఏడే సొంత బోర్డు పెట్టుకుంది. ఆ బోర్డు తగిలించిన మొదటి ఇల్లు వీధి చివర మేడ.

దానికేమో చెడ్డపేరు.

ఆ ఇంటి ముసలాయన పై గదిలోనే పోయాడు. బతికినన్నాళ్ళూ పెళ్ళాన్ని తిట్టాడు. ఈమధ్య చీకటిపడితే చాలు – పై గదిలో దీపం... అడుగుల చప్పుడు... ఎవరికీ అర్థంకాని మాటలు.

"చచ్చినా ఆ నోరు మూతపడలేదు," అంది పక్కింటావిడ గొంతు తగ్గించి. "వినడానికి ఆ మహాతల్లి కూడా పోయిందాయె. ఇంకెవర్ని తిడుతున్నట్టో."

"ఏం భాషండీ?"

"మాది మాత్రం కాదు. దెయ్యాలకి వేరే ఉంటుందేమో."

కొనడానికొచ్చిన రెండు కుటుంబాలు మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. ముసలాయన కూతురు తేల్చి చెప్పేసింది – శుక్రవారంలోగా కొనడానికి ఎవరూ ఒప్పుకోకపోతే ఇల్లు అమ్మే పని తాళాలమ్మ పాత కంపెనీకే ఇస్తానని.

తాళాలమ్మకి భయం కన్నా ఒళ్ళుమంట ఎక్కువ. బతికున్న మగాళ్ళతో వేగడమే గగనమైతే, చచ్చినవాడు కూడానా? వచ్చినవాళ్ళు ఆమె గంటసేపు చెప్పిందంతా విని, చివరికి కారు దగ్గర నిలబడ్డ ఆమె భర్తని అడుగుతారు, "ధర ఏమైనా తగ్గిస్తారా సార్?" అని. ఆయన సొంతూళ్ళో హెడ్మాస్టరు. ఇక్కడ ఆమెకి కారు నడుపుతాడు. నేర్చుకుంటానని ఆమె అన్నప్పుడల్లా, "నేనున్నానుగా," అంటాడు.

గురువారం సాయంత్రం బ్యాంకులో మీటింగు గంట ముందే అయిపోయింది. భర్తకి మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పళ్ళు నూరుకుంటూ వానలో నడక మొదలుపెట్టింది. దారిలోనే ఆ ఇల్లు.

పై గదిలో దీపం వెలుగుతోంది.

ఈసారి తలుపు తట్టలేదు. చెప్పులు విడిచి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కింది. పైన అడుగులు... అటు నాలుగు, ఇటు నాలుగు. ఆగాయి.

"కూర్చోండి," అంది గొంతు.

తెలుగులో.

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. పదకొండేళ్ళలో ఈ ఊళ్ళో తన ఇంటి గడప బయట తెలుగు మాట విన్నది లేదు. చచ్చిన ముసలాడు తెలుగెక్కడ నేర్చాడు?

"ఆవిడతో పనేముంది మీకు? మాట్లాడాల్సింది నాతో..." గొంతు దగ్గి, సర్దుకుంది. "కంపెనీ నాది. ఆవిడ తలుపులు తీసి చూపిస్తుంది, అంతే."

భయం ఆ మాటతో పోయింది. ఆ దగ్గు ఆమెకి ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

గదిలో రెండు ఖాళీ కుర్చీలు. వాటి ముందు కోటు తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని భర్త. ఆమె కారులో దాచుకునే, ఆ ఇంటి రెండో తాళం ఆయన వేలికి వేలాడుతోంది.

తెరిచి ఉన్న తలుపు మీద ఆమె రెండుసార్లు తట్టింది.

ఆయన ముఖం పాలిపోయింది. "నువ్వా... మీటింగు అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఊరికే... దెయ్యం సంగతేంటో చూద్దామని..."

"చూశాను," అంది చెయ్యి చాపుతూ. "తాళాలు ఇలా ఇవ్వండి. కారువి కూడా."

"నీకు నడపడం రాదుగా?"

ఆమె చెయ్యి అలాగే ఉంచింది.

శుక్రవారం ఎవరూ రాలేదు. ఇల్లు పాత కంపెనీకే పోయింది. మరుసటి ఏడాదికి ఆమె బోర్డులు పద్నాలుగు ఇళ్ళకి వేలాడాయి. కారు పరీక్ష మాత్రం ఆ చలికాలంలోనే, రెండోసారికి పాసయింది.